పాలబండికి అడ్డంగా

పాల కంపెనీ ట్యాంకరును ఒంటిచేత్తో ఆపినవాణ్ణి నేను. పన్నెండు చక్రాల బండి, నిండా పాలు. తుండుగుడ్డ తలకు చుట్టుకుని రోడ్డు నడిమధ్యన నిలబడి, కుడిచెయ్యి చాచి ‘నిలుపు’ అన్నాను. ఒక్కటే మాట. బ్రేకుల చప్పుడుకు పక్క మామిడితోటలో చిలకలన్నీ గుంపుగా లేచాయి. డ్రైవరు దిగివచ్చి చేతులు జోడించాడు. జాలిపడి బండి తిప్పుకోనిచ్చాను. అది వెనక్కి వెనక్కి పోయి పూతలపట్టు రోడ్డు ఎక్కిందాకా నేను చాచిన చెయ్యి దించలేదు.

ఈ సంగతి టీ అంగట్లో చెప్పాను. క్షవరం చేయించుకుంటూ గడ్డం కింద కత్తి ఉండగా చెప్పాను. పాకాలలో రైలెక్కి తిరుపతి పోతూ, ఎదుట కూర్చున్న మొగుడూ పెళ్లాలకు చెప్పాను. రైల్లో చెప్పినప్పుడు చక్రాలు పదహారు. ఆవిడ నా కాళ్లకు దండం పెట్టబోయింది. వద్దన్నాను కానీ, మరీ గట్టిగా ఏమీ అనలేదు.

నోటితో చెప్పేటప్పుడు ఎన్ని చక్రాలైనా తగిలించుకోవచ్చు. కాగితం మీద పెట్టేసరికి నాకే బండి బరువనిపిస్తోంది. కాబట్టి ఇప్పుడే కొన్ని విప్పేస్తాను. అది ట్యాంకరు కాదు. పాలక్యాన్లు వేసుకుని పల్లెపల్లెకూ తిరిగే చిన్న బండి. నాలుగే చక్రాలు, అందులో ఒకటి అరిగిపోయినది. చిలకలు మాత్రం నిజంగానే లేచాయి. తక్కినవి ఆ తావుకు వచ్చినప్పుడు విప్పుతాను.

మాది ఐరాలకూ పూతలపట్టుకూ మధ్య, పెద్దరోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పల్లె. నా చిన్నప్పుడు వేరుశనగ, చెరకు పండేవి. బోర్లు ఎండాక అందరం మామిడి పెట్టుకున్నాం. మామిడి ఏడాదికి ఒకమారు కాస్తుంది. కాసిన ఏడు గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు రేటు లేదంటారు, రేటున్న ఏడు కాయ ఉండదు. రోజూ ఇంట్లోకి ఉప్పూ పప్పూ తెచ్చిపెట్టేది ఆవు. తెల్లవారక ముందే పల్లె మొత్తం ఒకటే చప్పుడు వినబడేది, ఖాళీ బకెట్టు అడుగున పాలధార పడే చప్పుడు. గడ్డి కోసి, పేడ ఎత్తి, పాలు పితికేది ఆడవాళ్లు. పాల సెంటరు అరుగు మీద కూర్చుని రేటు గురించి మాట్లాడేది మేము. పని వాళ్లది, మాటలు మావి. ఆ మాటల్లో నాకు మించినవాడు మా పల్లెలో లేడు. ఇది పెంచి చెప్పడం కాదు, నా భార్య కూడా ఒప్పుకుంటుంది, వేరే గొంతుతో.

మొదట్లో రెండు మూడు కంపెనీల బండ్లు వచ్చేవి. ఒకడు పైసలు తగ్గిస్తే ఇంకొకడికి పోసేవాళ్లం. తర్వాత్తర్వాత ఒక్క కంపెనీ మిగిలింది. అది మంచిదే అనుకున్నాం. దాణా మూటలు వాళ్లే ఇచ్చేవాళ్లు, పశువుల డాక్టరును వాళ్లే పంపేవాళ్లు. పాల డబ్బు, దాణా, డాక్టరు మూడూ ఒకే తలుపు గుండా వస్తున్నాయని, ఆ తలుపు వేసేస్తే మూడూ ఆగిపోతాయని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టిందని ఒకటి రెండు చోట్ల చెప్పాను. తట్టలేదు.

ఆ ఏడు వానలు పడి పచ్చిగడ్డి బాగా ఉంది. పాలు ఎక్కువయ్యాయని కంపెనీ రేటు దించింది. నెల తిరక్కుండా మళ్లీ దించింది. తిరుపతిలో కొండ కింద అంగళ్లలో ప్యాకెట్టు ధర మాత్రం వీసమైనా దిగలేదు. సెంటరులో వెన్నశాతం చూసే మిషను పెట్టుకుని కూర్చునే పిల్లవాడిది మా పక్క పల్లే. ‘ఏమప్పా ఇదేం రేటు’ అని అడిగితే, ‘నన్నడిగితే నేనేం చెప్తాన్నా, పైనుంచి వస్తాది, ఈడ అంకె మారతాది’ అనేవాడు. ఆ పై అనేది యాడుందో మాలో ఎవరికీ తెలియదు.

ఇక్కడ నా మరదలి గురించి చెప్పాలి. నా తమ్ముడి భార్య. తమ్ముడు ఒకరి తోటలో మామిడికి మందు కొడుతూ కొడుతూ చెట్టుకిందే కూలబడి పోయాడు. పిల్లలు లేరు. కర్మ అయిన రోజు నేను చుట్టాలందరి ముందరా లేచి, ‘ఇకమీద నువ్వు మా ఇంట్లోనే తినాలమ్మా’ అన్నాను. అందరూ నా మంచితనం మెచ్చుకునేలోపే ఆమె తలెత్తింది.

“నీ ఇంట్లో తింటే కొన్నాళ్లు మరదల్ని. ఆ పైన పనిమనిషిని. నాకు నా ఆవుండాది బావా.”

అది ఆమె పుట్టింటి నుంచి దూడగా తెచ్చుకున్న ఆవు. నల్లది, నొసట తెల్లమచ్చ. వేరే చెయ్యి పడితే పాలు ఎగబట్టేది, చుక్క దిగనిచ్చేది కాదు. దానికి పేరు పెట్టలేదు, ‘మే’ అని పిలిచేది. నేను నా భార్యను ‘మే’ అని కేకేస్తే పక్క కొట్టంలో ఆవు పలికేది. ఇద్దరిలో ముందు పలికేది అదే. తమ్ముడి వాటాకు వచ్చిన చేను బోరు లేక బీడుపడింది. ఆ ఒక్క ఆవు పాలతోనే ఆమె తన పొయ్యి తాను వెలిగించుకునేది. మా గడప తొక్కేది కానీ, మా కంచం ముట్టేది కాదు.

రేటు మూడోసారి దిగినప్పుడు చిత్తూరు నుంచి రైతు నాయకులు కారులో వచ్చారు. చుట్టుపక్కల పల్లెలన్నీ పాలు ఆపెయ్యాలన్నారు. రేటు మళ్లీ పెంచేదాకా సెంటరులో ఒక్క చుక్క పోయకూడదు. అందరం చేతులెత్తాం. నేను రెండూ ఎత్తాను. అప్పుడు వాళ్లలో కుర్ర నాయకుడొకడు, రేపు టీవీవాళ్లు వస్తారు, పెద్దరోడ్డు మీద పాలు పారబోయాలి అన్నాడు.

అంతవరకూ వెనకాల కూర్చుని ఉన్న ఆడవాళ్లు కదిలారు. మా ఇళ్లలో పితికేటప్పుడు ఒక్క చుక్క నేల మీద పడితే, దాన్ని వేలితో తాకి కళ్లకద్దుకుంటారు. పాలు కాలికింద పడనివ్వరు. అలాంటిది క్యాన్లకు క్యాన్లు రోడ్డు మీద పొయ్యడమా!

“ఒక్క క్యానే మ్మా. టీవీ కోసరం” అన్నాడు కుర్రవాడు.

“నీ కారులో పెట్రోలుండాది గదప్పా, దాన్ని పొయ్యి. అదైతే మేమెవురం కండ్లకద్దుకోం” అంది నా మరదలు.

పారబోత మాట అక్కడితో పోయింది. మరి పాలు ఏం చెయ్యాలి? ఆవుకు సమ్మె అని చెబితే వింటుందా? పొద్దునా సాయంత్రం పితకాల్సిందే, పితక్కపోతే పొదుగు చెడుతుంది. అప్పుడు నేను లేచి, ‘కోవా చేద్దాం’ అన్నాను. ఈ ఆలోచన నిజంగా నాదే. దీన్ని నా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేదు, ఎందుకంటే అది ఎవరికీ అక్కర్లేదు.

పెళ్లిళ్లకు వాడే పెద్ద అండా తెచ్చి పాల సెంటరు ఎదురుగా పొయ్యి పెట్టాం. ‘పితికేది మేమే, కాచేది కూడా మేమేనా’ అని ఆడవాళ్లు తప్పుకున్నారు. మామిడికొమ్మలు మంటకు, తాటిచెట్టంత గరిటె నా చేతికి. తాటిచెట్టంత కాదు, నా ఎత్తు ఉంటుంది. పాలు పొంగు వచ్చాక, చక్కెర ఎందుకు దండగ, ఇంట్లో బెల్లం ఉంది కదా అన్నాను. అచ్చు బెల్లం దంచి సలసల కాగే పాలలో పోశాం. ఒక్క క్షణం బంగారు రంగు వచ్చింది. మరుక్షణం అండా మొత్తం విరిగి, పచ్చనీళ్లూ తునకలూ వేరయ్యాయి. మగవాళ్లం అందరం అండాలోకి వంగి చూస్తున్నాం. వెనక నుంచి నా భార్య గొంతు:

“కాగే పాలల్లో బెల్లమేస్తే విరగతాయని అయిదేండ్ల బిడ్డనడిగినా చెప్తాది. కంపెనీనే విరుస్తామని పోయినారు, పాలు విరిచినారు.”

ఆ రోజు పల్లె పల్లెంతా నవ్వింది. విరిగినది వృథా పోనివ్వకుండా పిలకాయలకు దోసిళ్లలో పెట్టారు. నాకు ఇప్పుడు తలుచుకుంటే, మేమంతా కలిసి నవ్వింది అదే చివరిసారి అనిపిస్తుంది. ఆ తర్వాత కూడా నవ్వాం కానీ, ఒకరి మీద ఒకరం.

మర్నాటి నుంచి చక్కెరతో చేశాం. అడుగంటింది. మూట కట్టుకుని చిత్తూరు బస్సెక్కి మిఠాయి అంగడికి పోతే, అంగడాయన చిటికెడు నోట్లో వేసుకుని, ‘పొగ వాసన పెద్దాయనా, మా గిరాకీ తినరు’ అన్నాడు. తోడుపెట్టి పెరుగు చేశాం, చిలికి మజ్జిగ చేశాం, కాణిపాకం నడిచిపోయేవాళ్లను నిలబెట్టి తాగించాం. వారం తిరిగేసరికి కుక్కలు కూడా పాలగిన్నె చూసి మొహం తిప్పుకున్నాయి. దాణా మూటలు రావడం ఆగిపోయింది. కడుపునిండా తినని ఆవులు పాలు తగ్గించాయి. సాయంత్రం అండా చుట్టూ చేరేవాళ్లలో ఒక్కొక్కరూ తగ్గుతూ వచ్చారు. మాకు ఎగువనున్న పై ఊరివాళ్లు చాటుగా కంపెనీకి పోస్తున్నారని వినబడింది. ఎవరు చెప్పారో తెలియదు, అందరూ నమ్మారు.

నాలుగు ఆవులున్న ఇంటికి మామిడితోట ఉంది, కొడుకు జీతం ఉంది. నా మరదలికి ఆ ఒక్కటే. అయినా అందరితోపాటు క్యాను తెచ్చి అండాలో వంచి పోయేది. గట్ల మీద గడ్డి గీకి తెచ్చి ఆవుకు వేసేది. ఇంటింటా కుడితి అడిగి మోసేది. ఒకనాడు ఆమె పొయ్యిలో నుంచి పొగ రాలేదని నా భార్య గిన్నెలో సంగటి, పప్పు పంపింది. కాసేపటికి కడిగిన గిన్నె తిరిగి వచ్చింది, లోపల గుప్పెడు మునగాకు. మా వైపు ఒకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. నా భార్య ఆ గుప్పెడూ ఆ పూట పప్పులో వేసింది.

ఇక బండి దగ్గరికి వస్తున్నాను.

ఆ రోజు పొద్దున్నే మంచు పట్టింది. నేను అండా దగ్గర కట్టెలు ఎగదోస్తున్నాను. పై ఊరి వైపు నుంచి బండి హారను వినబడింది. తలెత్తి చూస్తే, రోడ్డు మలుపులో నా మరదలు నిలబడి ఉంది. ఒక చేతిలో ఆవు పలుపు, కాళ్ల దగ్గర పాలక్యాను. ఆవు రోడ్డుకు అడ్డంగా నిలుచుంది. బండివాడు హారను కొట్టాడు, ఆవు కదల్లేదు, ఆమె కదల్లేదు. బ్రేకులు కీచుమన్నాయి. చిలకలు లేచింది అప్పుడే.

నేను మలుపుకు ఈవల, చాలా దూరంలో ఉన్నాను. నేను చేసిందల్లా గరిటె పైకెత్తి, ‘రేయ్, మన పిల్ల బండి నిలిపేసింది రా’ అని అరవడం. ఆ అరుపు మాత్రం గట్టిది. సందుల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఎవరో నినాదం ఎత్తుకున్నారు. ఎవడో కుర్రాడు ఫోను పైకి పట్టుకున్నాడు. ఆమె బండివాడికి చెయ్యి చూపిస్తూ ఏదో అంటోంది, మా కేకల్లో వినబడలేదు. బండివాడు మా గుంపును చూశాడు, అద్దం ఎక్కించుకున్నాడు, వెనక్కి తిప్పి పోయాడు. నాకు దండం పెట్టలేదు. నన్ను చూడనేలేదు.

అదీ సంగతి. బండి ఆపింది నేను కాదు, నా మరదలు.

ఆ వీడియో సాయంత్రానికి చిత్తూరు దాకా పోయింది. నాయకులు మళ్లీ కారులో వచ్చి ఆమెకు శాలువా కప్పారు. టీవీ మనిషి మైకు పెడితే ఆమె తల వంచుకుని నిలబడింది. ఆమె మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడాను. మా కుటుంబం అంటే ఏమిటో చెప్పాను, మా మరదలికి ధైర్యం ఎవరు నూరిపోశారో చెప్పాను. మైకు దగ్గర మొదలైన ఆ మాటే టీ అంగడికి వచ్చేసరికి ఆమెను పక్కకు జరిపి నన్ను రోడ్డు మధ్యన నిలబెట్టింది. శాలువా ఏం చేశావని అడిగితే, చలిగా ఉందని ఆవుకు కప్పానంది.

కొద్ది రోజులకే సమ్మె చప్పుడు లేకుండా పోయింది. పై ఊరు బాహాటంగా పోసింది, తర్వాత అవతలి ఊరు. నాయకులు కంపెనీవాళ్లతో మాట్లాడి వచ్చి, రేటు కాస్త పెరిగిందని చెప్పారు. ఆ కాస్త కూడా ఎండాకాలం దాకా నిలవలేదు. ఒక పొద్దున సెంటరు తలుపు తెరిచారు. తలలు వంచుకుని అందరం క్యాన్లతో వరసలో నిలబడ్డాం.

నా మరదలి వంతు వచ్చింది. మిషను కుర్రవాడు ఆమె పాలు కొంచెం మిషనులో పోసి, తల అడ్డంగా ఊపాడు. “పలచగా ఉండాయి. పనికిరావు.” ఆమె ఏనాడూ పాలలో నీళ్లు కలిపింది కాదు. మర్నాడూ అదే మాట. మూడోనాడు నేను వాడి చొక్కా పట్టుకున్నాను. పట్టుకోలేదు, పట్టుకోవాలనుకున్నాను. వాడు నా మొహం చూడకుండా గొంతు తగ్గించి చెప్పాడు.

“పైనోళ్లు ఆ వీడియో చూసినారన్నా. ఆయమ్మ పాలు తీసుకోవద్దన్నారు. నా కడుపు మీద కొట్టవాకు.”

అయితే ఆమె పాలు మా పాలలో కలిపి, సెంటరులో మా పేరున్న కార్డు మీద పోద్దాం అంది నా భార్య. కొన్నాళ్లు అలాగే చేశాం. ఒకరోజు మరదలు క్యాను తేలేదు.

“నీ కార్డు మీద పోస్తే అది నీ ఆవే అవతాది అక్కా.”

“అదేం మాటమే? నీ పాలకొచ్చింది నీకిచ్చేస్తాండా గదా!”

“ఇస్తాండావు. కాదన్లేదు. చెయ్యి చాపాల్సింది నేను గదా!”

ఊళ్లో ఇంటింటికీ అమ్ముకుందామంటే, ఏ ఇంట్లో ఆవు లేదు గనక? ఇంకో నెల ఈడ్చింది. ఆ తర్వాత పలమనేరు వైపు నుంచి పశువుల బేరగాడు చిన్న లారీ తెచ్చాడు. ఆవు లారీ ఎక్కలేదు. పలుపు లాగారు, వెనక నుంచి నెట్టారు, తోక మెలేశారు. నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టింది. ‘మీరు గమ్మునుండండి’ అని మరదలు తనే ముందు లారీ ఎక్కి, ‘మే’ అంది. ఆవు ఆమె వెనకాలే ఎక్కేసింది. బేరగాడు తలుపు వేశాడు. ఆమె పక్కచెక్క మీదుగా దిగింది. లారీ పోతుంటే అది లోపల నుంచి అరిచింది. నా మరదలు కొట్టంలోకి పోయి పేడ ఎత్తడం మొదలుపెట్టింది. ఆ రోజుకు ఎత్తాల్సినది ఇంకా ఉంది.

ఇప్పుడు ఆమె మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ బస్సెక్కి కూలికి పోతుంది. తక్కిన కాలంలో ఉపాధి పనులకు పోయి మట్టి మోస్తుంది. పని లేని రోజుల్లో వచ్చి మా ఇంట్లో తింటుంది. తిన్నాక మా గిన్నెలన్నీ కడుగుతుంది. వద్దంటే వినదు. నా భార్య, నేనూ ఇప్పుడు వద్దనడం కూడా మానేశాం.

ఇంతవరకూ రాశాక ఇది ఆమెకు వినిపించాలనిపించింది. ఇన్నేళ్లూ రోడ్డు మధ్యన నన్ను నిలబెట్టుకుని తిరిగాను కదా, ఆ తావు ఆమెకు తిరిగి ఇచ్చేశానని తెలిస్తే సంతోషపడుతుంది అనుకున్నాను. ఆమె మా అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

“ఏంది బావా అది, అంతుండాది?”

“మన పాలబండి కత.”

“ట్యాంకరేనా?”

“కాదులే. చిన్న బండి అనే రాసినా. ఆపింది నువ్వే అని కూడా రాసినా. ఇను.”

మొదటి నుంచి చివరి దాకా చదివాను. బెల్లం దగ్గర నవ్వింది. లారీ దగ్గర ఒక చింతపండు గింజ తియ్యకుండానే పక్కన వేసేసింది. అయిపోయాక నేను కళ్లజోడు తీసి ఆమె మొహం చూశాను.

“చక్రాలు తగ్గించినావు, బాగుండాది. నన్నేంటికి పెంచినావు?”

“పెంచడమేంది, కండ్లారా సూసినా గదా.”

“ఏం సూసినావు నువ్వు? నేను బండి నిలపడానికి పోలేదు బావా. నా పాలు పోసుకోమని అడగడానికి పోయినా. క్యాను ఒక్కటే ఎత్తుకోని పోతే యాడికని మీరడగతారని, మేతకు తోలుకోని పోతాండానని ఆవును గూడా పట్టుకోని పోయినా. ‘పై ఊరి పాలల్లో కలిపి పోసుకోప్పా, నీకు పున్నెముంటాది’ అంటాండా వానితో. వాడు సరేనని దిగబోతాండాడు. అంతలో నువ్వు అరిస్తివి. మీరంతా వస్తిరి. నువ్వు అరవకపోయింటే వాడు పోసుకోని పోయుండును. వీడియో ల్యాదు, శాలువా ల్యాదు. నా ఆవు ఈ పొద్దు నా కొట్టంలో ఉండును.”